కోరంగి మడ అడవిలో చుట్టు నడక: ఆటుపోట్లు చూసుకుని వెళ్లాలనుకునేవారికి

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద, చొల్లంగి ప్రాంతంలో, ఎడమ చేతి వైపు కోరంగి అభయారణ్యం బోర్డు కనబడుతుంది. చాలామంది అక్కడ ఆగుతారు. చెక్క బాట మీద నాలుగు ఫొటోలు దిగుతారు, బోటెక్కి ఒక చుట్టు తిరుగుతారు, "చెట్లే కదా, ఇంకేముంది" అనుకుంటూ వెళ్లిపోతారు. వాళ్ల తప్పేమీ లేదు. నీళ్లు నిండుగా ఉన్న వేళ వెళ్తే కోరంగిలో నిజంగానే చెట్లూ నీళ్లూ తప్ప పెద్దగా ఏమీ కనబడవు. ఇక్కడ చూడవలసిన దాంట్లో ఎక్కువ భాగం బురదలో ఉంది. నీళ్లు వెనక్కి తీసినప్పుడే ఆ బురద బయటపడుతుంది. కాబట్టి ఈ నడకకు ముందుగా చూసుకోవలసింది వేళ. మిగతావన్నీ దాని తర్వాతే.

నడక మాత్రం చాలా తేలిక. ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. చెక్క బాట అడవిలోకి తీసుకెళ్లి, కాలువ ఒడ్డు చూపించి, మళ్లీ గేటు దగ్గరికి చేరుస్తుంది. గబగబా నడిస్తే అరగంటలో అయిపోతుంది. నా మాట వింటే దీనికి రెండు గంటలు కేటాయించండి.

ఈ అడవి ఇక్కడ ఎందుకుంది

ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండు పాయలుగా చీలుతుంది. వశిష్ఠ అంతర్వేది వైపు పోతే, గౌతమి యానాం మీదుగా సముద్రంలో కలుస్తుంది. గౌతమి నుంచి కోరంగి, గాడేరు లాంటి చిన్న పాయలు ఉత్తరంగా తిరిగి కాకినాడ తీరంలోకి వస్తాయి. నది తెచ్చిన ఒండ్రు, సముద్రం తెచ్చే ఉప్పు నీళ్లు కలిసే ఆ బురద నేలల మీద పెరిగిందే ఈ మడ అడవి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మనం నడిచేది అందులో ఒక అంచు మాత్రమే. లోపలి అడవికి కాలిబాట లేదు, పడవ ఒక్కటే దారి.

అడవికి తూర్పున, సముద్రానికి అడ్డంగా, హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి తోసుకెళ్లి పేర్చిన దిబ్బ అది. దాని చాటునే కాకినాడ తీరం, ఈ అడవి ప్రశాంతంగా ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆ ఇసుకలో గుడ్లు పెడతాయి.

మొదటి పని: నెల ఎంచుకోవడం

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండ తీవ్రత ఉండదు, వలస పక్షులు దిగి ఉంటాయి. మార్చిలో కూడా పొద్దున్నే వెళ్తే బాగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల జోలికి పోకండి. చెట్ల మధ్య గాలి ఆడదు, ఉక్క భరించలేం. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరద నీరు వస్తుంది, చెక్కలు పాచిపట్టి జారతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక ఉంటే ఇక ఆలోచించనే వద్దు.

కార్తీక మాసం ఆదివారాల్లో వనభోజనాల జనం విపరీతంగా ఉంటారు. పుష్య బహుళ అమావాస్యకు చొల్లంగి తీర్థం జరుగుతుంది. గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్ల స్నానాలు చేసే సప్త సాగర యాత్రలో మొదటి స్నానం అక్కడే చేస్తారు కాబట్టి ఆ రోజు రోడ్డు కిటకిటలాడుతుంది. తీర్థానికే వస్తున్నవాళ్ల సంగతి వేరు. అడవి చూడటానికైతే మామూలు పనిదినం, పొద్దున్న పూట ఎంచుకోండి.

రెండో పని: ఆటుపోట్ల లెక్క

ఇది కాస్త ఓపికగా చదవండి, కష్టమైనదేమీ కాదు. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు (నీళ్లు ఎక్కడం), రెండుసార్లు ఆటు (నీళ్లు దిగడం) వస్తాయి. నిండు పోటు నుంచి పూర్తి ఆటుకు సుమారు ఆరు గంటలు. ప్రతిరోజూ ఈ వేళలు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. ఈ రోజు ఉదయం ఎనిమిదికి ఆటు ఉంటే రేపు సుమారు తొమ్మిదింటికి ఉంటుందన్నమాట. వారం తిరిగేసరికి ఆ తేడా ఆరు గంటలవుతుంది. అంటే ఈ ఆదివారం పొద్దున్న మీరు వెళ్దామనుకున్న వేళకు పోటు ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకు ఆటు ఉంటుంది. వారాంతాల్లో తప్ప వీలు కానివాళ్లకు ఈ ఒక్క లెక్క చాలు.

అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో నీళ్లు బాగా ఎక్కుతాయి, బాగా దిగుతాయి. అష్టమి దగ్గరి రోజుల్లో ఎక్కడమూ తక్కువే, దిగడమూ తక్కువే. బురద ఎక్కువగా బయటపడాలంటే అమావాస్య, పౌర్ణమిలకు అటూ ఇటూ రెండు రోజులు చూసుకోండి. ఇంట్లో గోడ క్యాలెండర్ ఉంటే సగం పని అయినట్టే.

కచ్చితమైన వేళ కోసం ఫోన్‌లో కాకినాడ ఆటుపోట్ల పట్టిక చూడండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ మన తీరం మొత్తానికి సముద్ర సమాచారం ఇస్తుంది. అయితే పట్టికలో ఉండేది సముద్రం దగ్గరి వేళ. అడవి లోపలి కాలువల్లోకి నీళ్లు రావడానికీ, అక్కడి నుంచి పోవడానికీ ఇంకొంత సమయం పడుతుంది. అది మనసులో పెట్టుకోండి.

ఇక అసలు ఉపాయం ఇది. పూర్తి ఆటుకు ఓ గంట ముందు నడక మొదలుపెట్టండి. నీళ్లు తీస్తున్నకొద్దీ పీతలు, చేపలు బయటికి వస్తాయి. మీరు సగం దారిలో ఉండగా నీళ్లు పూర్తిగా తగ్గుతాయి. నడక ముగిసేసరికి మళ్లీ పోటు మొదలై కాలువలో నీళ్లు ఎక్కుతుంటాయి, అప్పుడు బోటు ఎక్కవచ్చు. దీన్ని తారుమారు చేస్తే నడకా పోతుంది, బోటూ పోతుంది. నీళ్లు లేనప్పుడు రేవు దగ్గరికెళ్లి అడిగితే "ఇప్పుడు నీళ్లు లేవండి, ఓ గంట ఆగితే బయల్దేరదామండి" అనే సమాధానమే వస్తుంది. పొద్దున్న 7 నుంచి 10 మధ్యలో గానీ, మధ్యాహ్నం 3 ప్రాంతంలో గానీ ఆటు పడే రోజు దొరికితే వదులుకోవద్దు.

గేటు తెరిచే వేళలు, సెలవు రోజు, టికెట్ ధరలు మారుతుంటాయి. బాటలో ఏదో ఒక భాగం మరమ్మతుకు మూసి ఉండే అవకాశమూ ఉంది. బయలుదేరే ముందు రోజు కాకినాడలో తెలిసినవాళ్లనో, అటవీశాఖ వాళ్లనో అడిగి కనుక్కోండి.

మూడో పని: చేరుకోవడం

కాకినాడ నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే. జగన్నాథపురం వంతెన దాటి యానాం రోడ్డు పట్టుకుంటే చాలు. కాకినాడ బస్టాండులో యానాం, అమలాపురం వైపు వెళ్లే బస్సు ఎక్కి, కండక్టరుకు "కోరంగి ఫారెస్టు దగ్గర దింపండి" అని ముందే చెప్పి కూర్చోండి. రోడ్డు నుంచి లోపలికి కొంచెం నడవాలి. పెద్దవాళ్లుంటే కాకినాడలోనే ఆటో మాట్లాడుకోవడం మేలు. రానూపోనూ, మధ్యలో మూడు గంటలు ఆగేలా ఒకే రేటు మాట్లాడుకోండి. తిరుగు ప్రయాణానికి అక్కడ ఆటో దొరుకుతుందిలే అని ధీమాగా ఉండొద్దు.

రైల్లో వచ్చేవాళ్లకు సామర్లకోట జంక్షన్ మెయిన్ లైన్ మీద ఉంది, అక్కడి నుంచి కాకినాడ దగ్గరే. కోనసీమ వైపు నుంచి వచ్చేవాళ్లు కాకినాడ దాకా పోనక్కర్లేదు. 2002లో యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి వారధి వచ్చినప్పటి నుంచి అమలాపురం, ముమ్మిడివరం వాళ్లకు దారి సుళువైంది. గౌతమి దాటి, యానాం, తాళ్ళరేవు మీదుగా వస్తే కోరంగి కుడి చేతి వైపు తగులుతుంది.

నాలుగో పని: వెంట ఏం తీసుకెళ్లాలి

జారని అడుగున్న బూట్లు గానీ, పట్టీ ఉన్న చెప్పులు గానీ వేసుకోండి. హవాయి చెప్పులు వద్దు. తడి చెక్క మీద జారతాయి, చెక్కల సందుల్లోంచి కింద పడితే చేతికి రావు. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు తప్పనిసరి. దోమలు పగలు కూడా వదలవు, కాబట్టి ఓడోమాస్ లాంటిది రాసుకునే లోపలికి వెళ్లండి. టోపీ, మనిషికి లీటరు నీళ్లు. మజ్జిగ తెచ్చుకుంటే ఇంకా మంచిది.

బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి, పక్షుల కోసమే కాదు. బురద మీది చిన్న జీవులను దూరం నుంచే దగ్గరగా చూడటానికి అంతకంటే మంచి సాధనం లేదు. మీరు వంగి చూడబోతే అవి లోపలికి దూరిపోతాయి. ముదురు ఎరుపు, పసుపు బట్టలు వద్దు. బ్లూటూత్ స్పీకర్ ఇంట్లోనే వదిలేయండి. డ్రోన్‌కు అభయారణ్యంలో అనుమతి లేకుండా వీల్లేదు. చిప్స్ ప్యాకెట్లు లోపలికి పట్టుకుపోవద్దు. గాలికి ఎగిరి బురదలో పడిన కవరు వేళ్ల మధ్య చిక్కుకుంటుంది, దాన్ని తీయడానికి ఎవరూ దిగలేరు.

నడక: మొదటి భాగం, మడ చెట్ల కింద

గేటు దాటాక లోపలి దారుల బోర్డు ఉంటే ఒకసారి చూసుకోండి. బాట చీలే చోట ఒక వైపు నుంచి వెళ్లి రెండో వైపు నుంచి తిరిగి రావడం బాగుంటుంది. చెక్క బాట మీదికి ఎక్కిన వెంటనే ముందుకు పోకండి. పది నిమిషాలు ఒకే చోట నిలబడండి. ఈ మాట చెబితే చాలామందికి విసుగ్గా ఉంటుంది గానీ, మన అడుగుల అదురుకు లోపలికి దూరినవి మళ్లీ బయటికి రావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

ముందు కింద చూడండి. బురదలోంచి జానెడు పొడవున, వేలు మందాన, వేలకొద్దీ పుల్లలు నిటారుగా లేచి ఉంటాయి. అవి నల్ల మడ, తెల్ల మడ చెట్ల వేళ్లే. ఈ బురదలో ప్రాణవాయువు ఉండదు కాబట్టి, పక్కలకు పాకిన వేరు నుంచి ఈ ఊపిరి వేళ్లు పైకి వస్తాయి. వాటి మీది సన్నని రంధ్రాల ద్వారా చెట్టు గాలి పీల్చుకుంటుంది. పోటు వేళ ఇవి మునిగిపోతాయి, ఆటు వేళ గాలి నింపుకుంటాయి. వీటిని తొక్కడమంటే చెట్టు ముక్కు మూసినట్టే. అందుకని ఎంత మంచి ఫొటో వచ్చేలా ఉన్నా బాట దిగవద్దు. దిగితే మీకూ ప్రమాదమే, ఈ బురద మోకాలి దాకా లాగేస్తుంది.

ఇప్పుడు ఆకు చూడండి. మడ చెట్టు ఆకులు కొమ్మకు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి, అడుగు భాగం తెల్లగా వెలిసినట్టుంటుంది. వాన పడని రోజున ఆకు మీద వేలితో మెల్లగా రాస్తే ఉప్పు రేణువులు గరగరా తగులుతాయి. వేళ్లు పీల్చిన ఉప్పు నీటిలోంచి అదనపు ఉప్పును ఈ చెట్టు ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి పంపుతుంది. ఆకు తెంపక్కర్లేదు.

అయితే చెట్టు ఏదో గుర్తుపట్టకుండా దేని మీదా చెయ్యి వేయవద్దు. ఇక్కడే తిల్ల చెట్టు కూడా విస్తారంగా ఉంటుంది. దాని ఆకులు నున్నగా మెరుస్తూ, ఒకటి విడిచి ఒకటి వస్తాయి, రాలే ముందు ఎర్రబడతాయి. ఆ ఎరుపు చూసి పిల్లలు తెంపబోతారు. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఆ పాలు ఒంటికి తగిలితే బొబ్బలెక్కవచ్చు, కంట్లో పడితే చూపుకే ముప్పు. పొరపాటున తగిలితే కళ్లు నులమకుండా మంచినీళ్లతో చాలాసేపు కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పిల్లలకు గేటు దగ్గరే ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

రెండో భాగం, బురద మీద

చెట్ల మధ్య ఖాళీగా, తేమగా మెరిసే బురద పట్టీ కనబడితే అక్కడ ఆగండి. మీకిక్కడ కనీసం అరగంట పడుతుంది. చిన్న చిన్న బొరియలు, వాటి పక్కన ఆవగింజలంత బురద ఉండలు ఉంటాయి. ఒక కొండి మాత్రమే పెద్దగా ఉన్న పీతలు మగవి. ఆ కొండిని పైకెత్తి దింపుతూ ఆడపీతలను పిలుస్తాయి, ఇంకో మగ పీత దగ్గరికొస్తే దానితోనే నెట్టేస్తాయి. పాపం, తినడానికి పనికొచ్చేది రెండో చిన్న కొండి ఒక్కటే. ఆడవాటికి రెండూ చిన్నవే కాబట్టి రెండు చేతులా తింటాయి. బురదను నోట్లో పెట్టుకుని, అందులోని పాచినీ సూక్ష్మజీవులనూ తినేసి, మిగతాది ఉండగా వదిలేస్తాయి. మీరు చూసిన ఉండలు అవే. ఈ పీతలు తవ్విన బొరియల వల్లే బురద లోపలికి గాలి, నీళ్లు వెళ్తాయి.

వాటి మధ్యనే, ముందరి రెక్కల మీద పాకుతూ, ఒక్కసారిగా తోక విదిల్చి గెంతే చేపలు కనబడతాయి. కళ్లు నడినెత్తిన ఉంటాయి. నీళ్ల బయట ఇంతసేపు ఎలా బతుకుతాయంటే, మొప్పల గదుల్లో కాసిని నీళ్లు దాచుకుంటాయి, తడి చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ గాలి పీల్చుకుంటాయి. అందుకే మధ్యమధ్యలో పక్కకు దొర్లి ఒళ్లు తడుపుకుంటాయి. ఒకదాన్ని ఎంచుకుని, అది దొర్లేదాకా చూపు తిప్పకుండా చూడండి.

బురద మీద అడుగుజాడలు కూడా వెతకండి. గుండ్రంగా, నాలుగు వేళ్లతో ఉంటే బావురు పిల్లిది కావచ్చు. చేపలు పట్టి తినే ఈ పిల్లికి కోరంగి పెట్టింది పేరు. రాత్రి పూటే ఎక్కువగా తిరుగుతుంది కాబట్టి పగలు మీకు కనబడే అవకాశం తక్కువ. జాడ కనబడినా అదృష్టమే. అయిదు వేళ్లూ, వాటి మధ్య పొరా ఉంటే నీటికుక్కది. అవి గుంపులుగా తిరుగుతాయి, తెల్లవారుజామున కాలువల్లో కనబడుతుంటాయి. నాలుగు వేళ్లు, గోళ్లు స్పష్టంగా పడి, కుక్క అడుగులా పొడవుగా ఉంటే అది నక్కది కావచ్చు.

మూడో భాగం, కాలువ ఒడ్డు

కాలువకు దగ్గరయ్యేకొద్దీ ఉప్పు పొన్న చెట్లు చూడండి. కాండం నుంచి వేళ్లు వంపుగా దిగి బురదలో పాతుకుంటాయి. చెట్టు నీళ్ల మీద నిలబడి ఉన్నట్టు కనబడేది వాటివల్లే. కొమ్మలకు ఆకుపచ్చగా మునక్కాడల్లాగా వేలాడేవి కాయలు కావు. గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి పెరిగిన మొలకలవి. ఆటు వేళ రాలితే అక్కడే బురదలో గుచ్చుకుని నిలబడతాయి. పోటు వేళ రాలితే తేలుతూ పోయి ఇంకోచోట వేరు పట్టుకుంటాయి.

దారిలో కొన్నిచోట్ల పెద్ద కాలువ నుంచి రెండు వైపులా ఏటవాలుగా చిన్న పిల్ల కాలువలు తవ్వి ఉంటే అవి ఎందుకో తెలుసుకుని చూడండి. చెట్లు నరికేసిన చోట నేల కుంగి, పోటు నీళ్లు బయటికి పోలేక నిలిచి, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుపోతుంది. ఆ ఉప్పులో మడ మొక్క కూడా బతకదు. 1990ల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలిసి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో ఇలాంటి కాలువలు తవ్వించి, నీళ్లు వచ్చిపోయేలా చేసి మొక్కలు నాటించారు. పోయిన మడ అడవిని తిరిగి తెచ్చుకోవచ్చని గోదావరి డెల్టాలో కళ్లారా చూపించిన పని అది. ఈ అడవిలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేవి ఆ పిల్ల కాలువలే.

ఒడ్డున కూర్చునే చోటు దొరికితే పక్షుల కోసం ఆగండి. లకుముకి పిట్టలు వంగిన కొమ్మల మీద ఉంటాయి. శీతకాలంలో నల్లని తల, తెల్లని మెడ పట్టీ, ముదురు నీలం వీపు ఉన్న లకుముకి కనబడితే దాన్ని జాగ్రత్తగా చూడండి. కొంగలు, నీటికాకులు ఎప్పుడూ ఉంటాయి. బురద అంచున గబగబా పరుగెడుతూ ముక్కుతో పొడిచే చిన్న పిట్టలు ఉల్లంకులు. చాలావరకు ఉత్తరాన ఉన్న చలి దేశాల నుంచి వేల మైళ్లు ఎగిరి వచ్చినవే.

నాలుగో భాగం, టవర్ ఎక్కి తిరుగుముఖం

వాచ్ టవర్ తెరిచి ఉంటే ఎక్కండి. ఈ నడకలో మెట్లు ఎక్కేది అక్కడే. పైనుంచి అడవి చదునుగా, అంతులేకుండా కనబడుతుంది. ఒకప్పుడు ఈ కోరంగి ఓడలు కట్టే పెద్ద రేవు. బర్మాకు పోయే మనవాళ్లు ఇక్కడి నుంచే ఓడలెక్కేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుఫాను ఉప్పెనలు ఈ రేవును ముంచేశాయి. ఒండ్రు పేరుకుని రేవు కూడా పూడిపోయి వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో ఎన్ని ఇళ్లను నేలమట్టం చేసిందో మన పెద్దలకు బాగా గుర్తు. గాలిని ఏ అడవీ ఆపలేదు గానీ, ఎగిసివచ్చే నీటి జోరును మడ చెట్ల వేళ్లూ కొమ్మలూ చాలావరకు విరిచేస్తాయి. పిల్లలు వెంట ఉంటే టవర్ మీదే ఈ కథ చెప్పండి. అడవి కళ్లెదుట ఉంటే వాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు తొందరపడకండి. వెళ్లేటప్పుడు ఖాళీగా ఉన్న బురద ఇప్పుడు పీతలతో నిండి ఉండవచ్చు. పోటు మొదలైతే సన్నని నీటి పాయలు వేళ్ల మధ్యలోంచి పాకుతూ రావడం కనబడుతుంది.

బోటు

బోటులో లైఫ్ జాకెట్ అందరికీ ఉండాలి, చంటిపిల్లలకు సరిపడేది ఉందో లేదో ఎక్కే ముందే చూడండి. లేకపోతే ఎక్కవద్దు, మొహమాటపడొద్దు. చెయ్యి నీళ్లలో పెట్టనివ్వకండి. పక్షులు కనబడినచోట ఇంజను ఆపమని బోటు నడిపే ఆయన్ను అడగండి, "అలాగేనండి" అని ఆపేవాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామంది ఈ కాలువల్లో పుట్టి పెరిగినవాళ్లు. ఏ మలుపులో నీటికుక్కలు కనబడతాయో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా మెల్లగా నడవగలరు, టవర్ మాత్రం వదిలేయమనండి. నడుస్తూనే ఎక్కడ కూర్చోవచ్చో చూసుకుంటూ ఉండండి. అయిదేళ్ల లోపు పిల్లల చెయ్యి వదలవద్దు, బాట అంచున కంచె అన్నిచోట్లా ఒకేలా ఉండదు. వీల్‌చైర్ తేవాలనుకుంటే చెక్కల సందులు, వాలు ఎలా ఉన్నాయో ముందే ఫోన్‌లో అడగండి. బాత్రూం పని గేటు దగ్గరే చూసుకోండి.

భోజనం సంగతి

లోపల భోజనం మీద ఆశ పెట్టుకోవద్దు. పొద్దున నడిస్తే పదకొండుకల్లా బయటపడి, కాకినాడలో భోజనం, గొట్టం కాజా చూసుకోవచ్చు. యానాం వైపు పోతే గౌతమి ఒడ్డున చేపల కూర దొరుకుతుంది. పండుగప్ప, మండ పీతలు అడిగి చూడండి. ఇవి కూడా పిల్లలుగా ఉన్నప్పుడు ఇందాక మీరు చూసిన కాలువల్లాంటి చోట్లే పెరుగుతాయి. సాయంత్రం ఆటుకు నడిచినవాళ్లు గేటు మూసే వేళకు పావుగంట ముందే బయటికి రండి. చీకటి పడ్డాక రోడ్డు మీద బస్సు ఆపడం కష్టం, తిరుగు ఆటో ముందే మాట్లాడుకోమన్నది అందుకే.